ఫోన్లో కనపడని కాణిపాకం: తిరుపతి ట్రావెల్స్ సైట్ మెనూ మళ్ళీ కట్టిన కేస్ స్టడీ

తిరుపతిలో ఆర్టీసీ బస్టాండుకు దగ్గర్లో కార్లు, టెంపో ట్రావెలర్లు అద్దెకిచ్చే ఒక ఆఫీసు. వాళ్ళ వెబ్‌సైట్లో మొత్తం 26 పేజీలు, అన్నీ చేత్తో రాసిన హెచ్‌టీఎంఎల్ ఫైళ్ళే. వచ్చిన ఫిర్యాదు ఒకటే. "కాణిపాకం ప్యాకేజీ రేటు మీ సైట్లో ఎక్కడా లేదు సార్" అని కస్టమర్లు ఫోన్ చేస్తున్నారు. పేజీ ఉంది, అందులో రేటూ ఉంది. ఆఫీసు కంప్యూటర్లో తెరిస్తే మెనూలోంచి దానికి వెళ్ళొచ్చు కూడా. ఫోన్ చేసినవాళ్ళంతా మొబైల్లో చూసినవాళ్ళు.

ఇలాంటి ఫిర్యాదు వస్తే చాలామంది ముందు రంగులు, ఫాంట్లు మార్చడం మొదలుపెడతారు. మెనూ అంటే లింకుల జాబితా. ఆ జాబితా హెచ్‌టీఎంఎల్‌లో సరిగ్గా లేకపోతే పైన ఎంత సీఎస్‌ఎస్ (పేజీ రంగులు, కొలతలు, అమరిక చెప్పే కోడు) పూసినా ఎక్కడో ఒకచోట పగులుతుంది. ఈ కేసులో ఒక్క కాణిపాకం లింకు వెనకే మూడు తప్పులు బయటపడ్డాయి. ఒకటి సరిచేస్తే రెండోది కనపడింది, రెండోది సరిచేస్తే మూడోది.

ఒక మాట ముందే. ట్యాగుల పేర్లు, విలువలు ఇక్కడ తెలుగులో రాస్తున్నాం. ఫైల్లో మాత్రం, పేజీలో కనిపించే, వినిపించే తెలుగు మాటలు తప్ప, అన్నీ ఇంగ్లీషు చిన్న అక్షరాల్లోనే టైపు చేయాలి.

పాత మెనూ ఎలా ఉంది

మెనూలో మొత్తం 14 అంశాలు: హోమ్, మా గురించి, కార్లు, టెంపో ట్రావెలర్లు, మినీ బస్సులు, లోకల్ ఆలయాలు, కాణిపాకం, శ్రీకాళహస్తి, తలకోన, వేలూరు గోల్డెన్ టెంపుల్, రేట్లు, గ్యాలరీ, ఎయిర్‌పోర్ట్ పికప్, సంప్రదించండి. ఇవన్నీ ఒక్క వరుసలో పట్టవు కాబట్టి కొన్నిటిని "మా సేవలు" అనే మాట కింద డ్రాప్‌డౌన్‌గా దాచారు. పైకి కనిపించే మాటలేవీ అక్షరాలు కావు, బొమ్మలు. డీటీపీ షాపులో పాంప్లెట్ కోసం అను ఫాంట్లలో కొట్టిన తెలుగును జేపీజీలుగా కత్తిరించి పెట్టారు. అలా ఎందుకు చేశారో ఊహించడం కష్టమేమీ కాదు. అను లిపిలో కొట్టిన మాటను నేరుగా హెచ్‌టీఎంఎల్‌లో అతికిస్తే ఇంగ్లీషు అక్షరాలు, గుర్తులు కలిసిన చెత్త కనిపిస్తుంది, ఎందుకంటే అది యూనికోడ్ కాదు. దాన్ని యూనికోడ్ కన్వర్టర్‌లో మార్చుకోవాలి, లేదా ఆ 14 మాటలూ మళ్ళీ టైపు చేసుకోవాలి. 14 మాటలకైతే టైపు చేయడమే త్వరగా అవుతుంది.

డ్రాప్‌డౌన్ లోపలి అంశాలు డివ్‌లు, అంటే లింకు కాని ఉత్త పెట్టెలు. ఒక్కోదానికీ ఆన్‌క్లిక్ పెట్టి, నొక్కితే జావాస్క్రిప్ట్ పేజీ మార్చేలా రాశారు. మౌస్‌తో పనిచేస్తుంది. ట్యాబ్ కీతో అక్కడికి వెళ్ళలేం. కుడి క్లిక్ చేసి కొత్త ట్యాబులో తెరవలేం. ఎన్‌వీడీఏ, టాక్‌బ్యాక్ లాంటి స్క్రీన్ రీడర్లు (తెర మీది మాటలను చదివి వినిపించే ప్రోగ్రాములు) అది లింకు అని చెప్పవు. గూగుల్ కూడా హెచ్‌రెఫ్ (వెళ్ళాల్సిన పేజీ చిరునామా) ఉన్న యాంకర్ ట్యాగునే లింకుగా పట్టుకుని ముందుకెళ్తుంది, ఆన్‌క్లిక్ డివ్‌ను నమ్ముకోవద్దని తన మార్గదర్శకాల్లోనే చెబుతుంది. కాణిపాకం పేజీకి సైట్లో ఉన్న దారి ఈ డివ్ ఒక్కటే.

మూడు పరీక్షలు

మొదట సీఎస్‌ఎస్ తీసేసి చూశాం. ఫైర్‌ఫాక్స్‌లో ఆల్ట్ నొక్కితే పైన మెనూ వస్తుంది. వ్యూలోకి వెళ్ళి, పేజ్ స్టైల్‌లో నో స్టైల్ ఎంచుకోవాలి. మంచి మెనూ అయితే చుక్కలు పెట్టిన జాబితాగా, నీలం లింకులుగా, ఉపజాబితాలు కాస్త లోపలికి జరిగి కనిపించాలి. ఇక్కడ ఆల్ట్ పాఠం (బొమ్మకు బదులుగా చదివే మాట) లేని బొమ్మల వరుస, దాని కింద ఒకదాని మీద ఒకటి పేర్చిన మామూలు మాటలు వచ్చాయి.

తర్వాత మౌస్ పక్కన పెట్టి ట్యాబ్ నొక్కుతూ పోయాం. ఫోకస్ డ్రాప్‌డౌన్ లోపలి అంశాలన్నిటినీ దాటేసి నేరుగా పేజీ మధ్యలో ఉన్న వాట్సాప్ లింకు మీదికి దూకింది.

మూడోది ఫోన్. "మా సేవలు" మీద మౌస్ ఆనితే తెరుచుకునేలా సీఎస్‌ఎస్‌లో హోవర్ రాశారు. ఫోన్లో ఆనించడం అనేది లేదు, నొక్కడమే. ఆ మాటకు హెచ్‌రెఫ్‌గా ఉత్త హ్యాష్ గుర్తు ఉంది. నొక్కితే ఉపమెనూ ఒక్క క్షణం మెరిసినట్టై పేజీ పైకి ఎగిరిపోతోంది. కొన్ని ఫోన్లలో మొదటి నొక్కుడుకు తెరుచుకుంటుంది, వేలు కాస్త జరిగితే మూసుకుంటుంది. తలమాటకూ ఉపజాబితాకూ మధ్య 6 పిక్సెళ్ళ ఖాళీ వేరే ఉంది. మౌస్ ఆ సందు దాటుతుండగానే హోవర్ పోతుంది. అంటే కంప్యూటర్లోనూ చేయి వణికే పెద్దవాళ్ళకు ఆ మెనూ అందదు. మొదటి తప్పు ఇదీ.

మాటల ఎంపిక

ట్యాగుల కంటే ముందు మాటలు తేల్చుకోవాలి. "మా సేవలు" అనేది వెబ్‌సైట్లన్నిటిలో ఉండే మాటే. తిరుపతిలో మాత్రం అది పెద్ద తప్పు. ఇక్కడ సేవ అంటే సుప్రభాతం, తోమాల, అర్చన, కల్యాణోత్సవం. ట్రావెల్స్ సైట్లో "సేవలు" కనపడగానే సేవా టికెట్లు ఇస్తారేమో అని నొక్కుతారు, లోపల ఇన్నోవా కారు బొమ్మ చూసి వెనక్కి పోతారు. "దర్శనం" అనే మాటనూ ఇదే కారణంతో మెనూలోకి రానివ్వలేదు. దర్శనం, సేవ టికెట్లు టీటీడీ అధికారిక వెబ్‌సైట్లో తీసుకోవాల్సినవి. ప్రైవేటు ట్రావెల్స్ మెనూలో ఆ మాట పెడితే యాత్రికుణ్ణి తప్పుదారి పట్టించినట్టే. ఈ విషయంలో ఓనర్‌తో కొంచెం గట్టిగానే మాట్లాడాల్సి వచ్చింది.

చివరికి పై వరుసలో ఆరు మిగిలాయి: హోమ్, యాత్రలు, బండ్లు, ఎయిర్‌పోర్ట్ పికప్, రేట్లు, సంప్రదించండి. యాత్రల కింద లోకల్ గుళ్ళు, కాణిపాకం, శ్రీకాళహస్తి, తలకోన, వేలూరు గోల్డెన్ టెంపుల్. బండ్ల కింద కార్లు, టెంపో ట్రావెలర్లు, మినీ బస్సులు. "మా గురించి", "గ్యాలరీ" ఫుటర్‌లోకి దిగాయి. కారు కోసం వచ్చినవాళ్ళు వాటిని ముందు వెతకరు. "వాహనాలు" అనకుండా "బండ్లు" అన్నది ఈ ప్రాంతంలో అందరి నోటా ఉన్న మాట కాబట్టి. "లోకల్ గుళ్ళు" కూడా అంతే. కపిలతీర్థం, గోవిందరాజస్వామి గుడి, తిరుచానూరు, శ్రీనివాస మంగాపురం కలిపి డ్రైవర్లు "కింద లోకల్" అంటారు. పాపవినాశనం, ఆకాశగంగ వైపు తిప్పేది "పైన లోకల్". ఈ తేడా మెనూలో పెట్టలేదు, పేజీ లోపల రెండు ఉపశీర్షికలుగా పెట్టాం.

ఎముకల గూడు

కొత్త నిర్మాణం ఇలా ఉంది. నావ్ అంటే దారి చూపే లింకుల గుంపు, యూఎల్ అంటే జాబితా, ఎల్‌ఐ అంటే అందులో ఒక అంశం, యాంకర్ అంటే లింకు, ఏరియా-లేబుల్ అంటే స్క్రీన్ రీడర్ చదివే పేరు. లోపలికి జరిపి రాసినవి పై ట్యాగు లోపల ఉన్నవి:

నావ్, ఏరియా-లేబుల్ "ప్రధాన"
　　యూఎల్
　　　　ఎల్‌ఐ: యాంకర్ "హోమ్"
　　　　ఎల్‌ఐ: బటన్ "యాత్రలు", ఆ ఎల్‌ఐ లోపలే ఇంకో యూఎల్
　　　　　　ఎల్‌ఐ: యాంకర్ "లోకల్ గుళ్ళు"
　　　　　　ఎల్‌ఐ: యాంకర్ "కాణిపాకం", మిగతావీ ఇలాగే
　　　　ఎల్‌ఐ: బటన్ "బండ్లు", లోపల ఇంకో యూఎల్
　　　　ఎల్‌ఐ: యాంకర్ "ఎయిర్‌పోర్ట్ పికప్", మిగతావీ ఇలాగే

ఇందులో తరచూ జరిగే పొరపాటు లోపలి యూఎల్ ఉండే చోటు. "యాత్రలు" ఎల్‌ఐని మూసేసి, ఆ తర్వాత యూఎల్ తెరుస్తుంటారు. కంటికి తేడా తెలియదు, బ్రౌజర్ సర్దుకుపోతుంది. కానీ యూఎల్‌కు నేరుగా పిల్లలుగా ఉండాల్సినవి ఎల్‌ఐలు. ఉపజాబితా బయటపడితే అది ఎవరి పిల్లో స్క్రీన్ రీడర్‌కు తెలియదు, సీఎస్‌ఎస్‌లో దాన్ని తలమాట కింద నిలబెట్టడమూ కుదరదు. హెచ్‌టీఎంఎల్ తప్పులు పట్టే డబ్ల్యూ3సీ వ్యాలిడేటర్‌లో పేజీ వేస్తే ఈ తప్పు వెంటనే దొరుకుతుంది.

ఏరియా-లేబుల్‌లో "ప్రధాన" అని మాత్రమే రాశాం, "ప్రధాన నావిగేషన్" అని కాదు. నావ్ ట్యాగును చూసి స్క్రీన్ రీడర్ తనంతట తానే నావిగేషన్ అంటుంది. మనమూ రాస్తే రెండుసార్లు వినిపిస్తుంది. ఫుటర్‌లో ఇంకో నావ్ ఉంది కాబట్టి దానికి "ఇతర పేజీలు" అని వేరే పేరు. పేజీలో ఒకే నావ్ ఉంటే పేరు లేకపోయినా నడుస్తుంది.

జాబితా చుక్కలు తీసేయడానికి లిస్ట్-స్టైల్ నన్ వాడతాం. సఫారీలో ఇలా చుక్కలు తీసేస్తే వాయిస్‌ఓవర్ (ఆపిల్ స్క్రీన్ రీడర్) దాన్ని జాబితాగా చెప్పడం మానేస్తుంది, అయితే నావ్ లోపల ఉన్న జాబితాకు ఆ ఇబ్బంది లేదు. డివ్ బదులు నావ్ వాడటానికి ఇదీ ఒక కారణం. ఇంకొకటి: మెనూ అనగానే రోల్ మెనూ, రోల్ మెనూఐటెమ్ తగిలించేవాళ్ళున్నారు. అవి డెస్క్‌టాప్ ప్రోగ్రాముల్లోని మెనూల కోసం. వాటిని పెడితే బాణం కీలతో కదిలే ప్రవర్తన మొత్తం మనం రాసి ఇవ్వాలి. వెబ్‌సైట్ లింకులకు అవి వద్దు.

ఇప్పుడున్న పేజీని చూపడానికి పాత సైట్లో యాక్టివ్ అనే క్లాసు ఉండేది. కాపీ-పేస్ట్‌లో అది తలకోన పేజీలో రెండు లింకులకు అంటుకుపోయింది. కొత్తదాంట్లో ఆ క్లాసే లేదు. ప్రస్తుత లింకుకు ఏరియా-కరెంట్ "పేజ్" (ఇప్పుడున్న పేజీ ఇదే అని స్క్రీన్ రీడర్‌కు చెప్పే గుణం) అని పెట్టి, సీఎస్‌ఎస్‌లో ఆ గుణాన్నే పట్టుకుని కింద 3 పిక్సెళ్ళ గీత గీశాం. కంటికి కనిపించేదీ చెవికి వినిపించేదీ ఒకే చోటి నుంచి వస్తాయి కాబట్టి ఒకటి మారి ఇంకొకటి మారకపోవడం ఉండదు.

డ్రాప్‌డౌన్

"యాత్రలు" అనేది ఏ పేజీకీ తీసుకెళ్ళదు, జాబితాను తెరుస్తుంది, మూస్తుంది. తీసుకెళ్ళేదైతే యాంకర్, పని చేసేదైతే బటన్. ఈ ఒక్క తేడా పాటిస్తే హ్యాష్ హెచ్‌రెఫ్ అవసరమే రాదు. బటన్‌కు టైప్ "బటన్", ఏరియా-ఎక్స్‌పాండెడ్ "ఫాల్స్" (జాబితా మూసి ఉందని చెప్పేది), ఏరియా-కంట్రోల్స్‌లో లోపలి యూఎల్ ఐడీ పెట్టాం. స్క్రిప్ట్ చేసేది మూడు పనులు. నొక్కితే ఏరియా-ఎక్స్‌పాండెడ్ విలువను తిప్పుతుంది, దాంతోపాటే యూఎల్‌కు హిడెన్ గుణం తీస్తుంది లేదా పెడుతుంది. ఎస్కేప్ నొక్కితే మూసి, ఫోకస్‌ను మళ్ళీ బటన్ మీదికి తెస్తుంది. మెనూ బయట ఎక్కడ నొక్కినా మూస్తుంది. 20 లైన్లలో అయిపోతుంది, లైబ్రరీలేవీ అక్కర్లేదు.

ఇక్కడ ఒక పూట పోయింది. హిడెన్ పెట్టినా జాబితా మూసుకోవడం లేదు. ఇన్‌స్పెక్ట్‌లో చూస్తే గుణం పడుతోంది, జాబితా మాత్రం కళ్ళముందే ఉంది. కారణం: హిడెన్ అంటే బ్రౌజర్ తన సొంత స్టైల్‌షీట్‌లో రాసుకున్న డిస్‌ప్లే నన్ మాత్రమే. మన సీఎస్‌ఎస్‌లో అదే యూఎల్‌కు డిస్‌ప్లే ఫ్లెక్స్ అని ఉంది. బ్రౌజర్ మాట మీద మన మాట చెల్లుతుంది, జాబితా తెరుచుకునే ఉంటుంది. స్టైల్‌షీట్ మొదట్లో హిడెన్ గుణం ఉన్న దేనికైనా డిస్‌ప్లే నన్, ఇంపార్టెంట్ గుర్తుతో ఒక్క లైను రాస్తే తీరిపోతుంది. ఇంపార్టెంట్ వాడకం మాకు ఇష్టముండదు, కానీ ఇది దానికి తగిన చోటు.

ఇంకో నిర్ణయం కూడా చెప్పాలి. హిడెన్‌ను హెచ్‌టీఎంఎల్‌లో రాయలేదు, నావ్ ముగిసిన వెంటనే ఉన్న చిన్న స్క్రిప్టే దాన్ని పెడుతుంది. నెట్ సరిగా అందని చోట స్క్రిప్ట్ ఫైలు దిగకపోవచ్చు. అప్పుడు హెచ్‌టీఎంఎల్‌లోనే దాచిపెట్టిన జాబితా ఇక తెరుచుకోదు, మళ్ళీ కాణిపాకం మాయం. స్క్రిప్ట్ దాచితే, స్క్రిప్ట్ రానప్పుడు జాబితా మొత్తం పరుచుకుని కనిపిస్తుంది. అందం తగ్గుతుంది కానీ దారి మూసుకోదు. ఆ స్క్రిప్ట్‌ను పేజీ అడుగున వేస్తే లోడ్ అయ్యేటప్పుడు మెనూ ఒకసారి పరుచుకుని ముడుచుకుంటుంది. అందుకే నావ్‌కు ఆనుకునే ఉండాలి.

పాత హెడర్‌కు ఓవర్‌ఫ్లో హిడెన్ ఉండేది, ఫ్లోట్‌లను (అంశాలను పక్కపక్కన పేర్చే పాత పద్ధతి) అదుపులో పెట్టడానికి ఒకప్పుడు వాడిన ఉపాయం. అదుంటే కిందికి జారే ఉపజాబితా హెడర్ అంచు దగ్గర తెగిపోతుంది. ఫ్లోట్‌లు తీసి ఫ్లెక్స్, ఫ్లెక్స్-ర్యాప్ పెట్టాక దాని అవసరం పోయింది. తర్వాత ఉపజాబితా బ్యానర్ స్లైడర్ వెనక్కి వెళ్ళింది. పాత కోడులో దానికి జెడ్-ఇండెక్స్ (ఏది పైన కనపడాలో చెప్పే అంకె) 9999 ఇచ్చి ఉంది, అయినా ఫలితం లేదు. జాబితా ఉన్న హెడర్‌కు జెడ్-ఇండెక్స్ 1, స్లైడర్‌కు 10. పోటీ హెడర్‌కూ స్లైడర్‌కూ మధ్య జరుగుతుంది. లోపలివాడు 9999 అయినా ఇంటి నంబరు 1 అయితే ఓడినట్టే. హెడర్‌కు 20 ఇచ్చి, 9999 తీసేశాం.

ఒత్తులు తెగిన మెనూ

బొమ్మలు తీసి అసలు అక్షరాలు పెట్టగానే ఈ కేసులో అన్నిటికంటే ఆసక్తికరమైన తప్పు కనపడింది. పాత స్టైల్‌షీట్‌లో ప్రతి అంశానికీ లైన్-హైట్ 1, పైన తగిలించిన హైట్, ఓవర్‌ఫ్లో హిడెన్. ఇంగ్లీషు టెంప్లేటు నుంచి వచ్చిన కొలతలు. మెనూలో "కార్లు" ఉండాల్సిన చోట "కారు" కనిపించింది. "రేట్లు" కాస్తా "రేటు" అయింది. "బండ్లు" అనేది "బండు" అయింది.

ఎవరూ మాట మార్చలేదు. తెలుగులో కొమ్ము మొదటి హల్లుకు అంటుకుంటుంది, ల ఒత్తు దాని కింద వేలాడుతుంది. కింది భాగం కత్తిరిస్తే ఒత్తు పోయి మిగిలేది రు, టు, డు. మిగిలినదీ చదవగలిగే మాటే కావడంతో చూసినవాళ్ళకు తెగిందన్న అనుమానం కూడా రాదు. "శ్రీకాళహస్తి" కూడా ఇదే దెబ్బ తింది.

సరిచేసిన కొలతలు ఇవి. అక్షరం 17 పిక్సెళ్ళు, స్టైల్‌షీట్‌లో రెమ్‌లలో (ఒక రెమ్ మామూలుగా 16 పిక్సెళ్ళు) రాస్తే 1.0625. లైన్-హైట్ 1.7, యూనిట్ లేకుండా. పైన, కింద ప్యాడింగ్ అర ఎమ్, అంటే అక్షరం సైజులో సగం. లెక్క కడితే వరుస ఎత్తు 28.9, ప్యాడింగ్ రెండు వైపులా కలిపి 17, మొత్తం 45.9 పిక్సెళ్ళు. హైట్ అనే గుణమే తీసేసి మిన్-హైట్ 44 పిక్సెళ్ళు పెట్టాం. ఎవరైనా ఫోన్లో అక్షరాల సైజు పెంచుకుంటే పెట్టె పెరుగుతుంది కానీ అక్షరం తెగదు. 44 ఎందుకంటే వేలికి అందాలి కాబట్టి. వెబ్ అందరికీ అందేలా ఉండాలని రాసిన డబ్ల్యూసీఏజీ 2.2 ప్రమాణం ప్రకారం ఏఏ స్థాయికి 24 చాలు, 44 అనేది ఏఏఏ స్థాయి కొలత. అలిపిరి టోల్‌గేట్ దగ్గర కదులుతున్న బండిలో కూర్చుని నొక్కేవాళ్ళకు 24 చాలదు.

టెంప్లేటులో ఇంకా కొన్ని ఇంగ్లీషు అలవాట్లు మిగిలున్నాయి. అప్పర్‌కేస్ నియమం తెలుగు మీద ఏమీ చేయదు, తీసేశాం. 2 పిక్సెళ్ళ లెటర్-స్పేసింగ్ మాత్రం చేస్తుంది, మాటను విడదీసి "ఎయిర్‌పోర్ట్ పికప్"ను రెండు వరుసలకు తోస్తుంది. దాన్ని సున్నా చేశాం. ఫాంటు మండలి ఉండేది, దానికి బోల్డ్ 700. మండలిలో ఉన్నది ఒకే మందం. బోల్డ్ అడిగితే బ్రౌజరే అక్షరాన్ని కృత్రిమంగా లావు చేస్తుంది, సున్నలు, ళకారాలు పూడుకుపోతాయి. నోటో సాన్స్ తెలుగులో అన్ని మందాలూ ఉన్నాయి కాబట్టి దానికి మారి 600 పెట్టాం. ఫాంటు దిగేలోపు ఆగకుండా ఫాంట్-డిస్‌ప్లే స్వాప్. అది దిగకపోతే వాడేందుకు వెనక వరుసలో విండోస్ కోసం నిర్మలా యూఐ, గౌతమి, ఐఫోన్ కోసం కోహినూర్ తెలుగు.

"ఎయిర్‌పోర్ట్" అని టైపు చేస్తే "ఎయిర్పోర్ట్" అయిపోయే బాధ అందరికీ తెలిసిందే. పొల్లు తర్వాత జీరో విడ్త్ నాన్ జాయినర్ పడాలి. కీబోర్డులో దొరకకపోతే హెచ్‌టీఎంఎల్‌లో యాంపర్సాండ్, జడ్‌డబ్ల్యూఎన్‌జే, సెమీకోలన్ రాస్తే చాలు. కనపడే మాటల్లోనే వాడాలి. ఐడీలోకో ఫైలు పేరులోకో ఇది జారిపడితే, కంటికి ఒకేలా ఉన్న రెండు పేర్లు ఎందుకు కలవడం లేదో తెలియక తల బద్దలవుతుంది.

రంగుల గురించి తక్కువే చెప్పాలి. ఓనర్‌కు పసుపు ఇష్టం, దాని మీద తెల్ల అక్షరాలు. ఆ పసుపుకు (ఎఫ్‌ఎఫ్‌సీ107) తెలుపుతో కాంట్రాస్ట్ సుమారు 1.6:1, ఎండలో అసలు కనపడదు. ఉండాల్సింది కనీసం 4.5:1. పసుపు అలాగే ఉంచి అక్షరాలను కుంకుమ రంగుకు (7బీ1ఈ1ఈ) మార్చితే 6:1 దాటింది. ఆయనకూ అదే నచ్చింది.

రెండో తప్పు, మూడో తప్పు

మెనూ ఇప్పుడు ఫోన్లో తెరుచుకుంటోంది. కాణిపాకం నొక్కితే 404, అంటే పేజీ దొరకలేదన్న జవాబు. ఆఫీసు కంప్యూటర్లో ఉన్న కాపీలో మాత్రం బాగానే వస్తోంది. సర్వర్‌లో ఉన్న ఫైలు పేరు పెద్ద కె తో మొదలవుతోంది, లింకులో చిన్న కె. విండోస్ ఈ తేడా పట్టించుకోదు, హోస్టింగ్ నడిచేది లినక్స్ మీద, అక్కడ అవి రెండు వేర్వేరు పేర్లు. సొంత కంప్యూటర్లో ఎన్నిసార్లు పరీక్షించినా ఇది దొరకదు. 26 ఫైళ్ళ పేర్లూ చిన్న అక్షరాలకు మార్చి, మాటల మధ్య హైఫన్ పెట్టాం. పాత పేరుతో వచ్చేవాళ్ళను కొత్త పేరుకు పంపడానికి 301 రీడైరెక్ట్.

ఫైలు పేర్లు తెలుగులోనే పెడదామా అని ఓనర్ అడిగారు. పెట్టొచ్చు, బ్రౌజర్లు ఒప్పుకుంటాయి. కానీ "తిరుపతి" అనే మాటలో యూనికోడ్ లెక్కన 7 అక్షరాలు, యూటీఎఫ్-8లో (యూనికోడ్‌ను బైట్లుగా రాసే పద్ధతి) ఒక్కోటి 3 బైట్లు, లింకుగా కాపీ చేస్తే ఒక్కో బైటూ పర్సెంట్ గుర్తుతో 3 అక్షరాలవుతుంది. మొత్తం 63 అక్షరాలు, అన్నీ పర్సెంట్లు, అంకెలు, విడి ఇంగ్లీషు అక్షరాలే. వాట్సాప్‌లో అది పంపితే వైరస్ లింకేమో అనుకుంటారు. ఇంగ్లీషు అక్షరాల్లోనే ఉంచాం.

పేరు సరిచేశాక హోమ్ నుంచి కాణిపాకం తెరుచుకుంది. శ్రీకాళహస్తి పేజీలోంచి నొక్కితే మళ్ళీ 404. యాత్రల పేజీలన్నీ ఒక ఫోల్డర్లో ఉన్నాయి. లింకు ముందు స్లాష్ లేదు కాబట్టి, ఆ ఫోల్డర్ లోపల ఉండి నొక్కితే బ్రౌజర్ అదే ఫోల్డర్ పేరును మరోసారి చేర్చుకుని లేని చోట వెతుకుతోంది. లింకులన్నీ స్లాష్‌తో మొదలుపెట్టి రూట్ (సైట్ మొదటి ఫోల్డర్) నుంచి రాస్తే ఏ పేజీలో ఉన్నా ఒకే చోటికి పోతాయి. దీనికి ఒక షరతుంది. ఫైలును డబుల్ క్లిక్ చేసి తెరిస్తే ఇవి పనిచేయవు, కంప్యూటర్లో చిన్న లోకల్ సర్వర్ నడుపుకుని చూడాలి.

అసలు 26 ఫైళ్ళలో 26 మెనూలు ఉండటమే ఈ చిక్కులకు మూలం. ఒకచోట మార్చి ఇంకోచోట మరిచిపోయేవాళ్ళు. హోస్టింగ్‌లో పీహెచ్‌పీ (సర్వర్‌లో నడిచే ప్రోగ్రామింగ్ భాష) ఉంది కాబట్టి మెనూను ఒక్క ఫైల్లో పెట్టి అన్ని పేజీల్లోకీ ఇంక్లూడ్ చేశాం. ప్రతి పేజీ పైన తన పేరు ఒక వేరియబుల్‌లో చెబుతుంది. మెనూ ఫైలు దాన్ని చూసి తగిన లింకుకు ఏరియా-కరెంట్ వేస్తుంది. జావాస్క్రిప్ట్‌తో మెనూ తెచ్చి అతికించే పద్ధతి వద్దనుకున్నాం. కారణం డ్రాప్‌డౌన్ దగ్గర చెప్పినదే.

ఇంక్లూడ్ చేయగానే పేజీ పైన సన్నని తెల్ల ఖాళీ వచ్చింది. మెనూ ఫైలును పాత నోట్‌ప్యాడ్‌లో యూటీఎఫ్-8గా సేవ్ చేశారు, అది మొదట్లో బీఓఎం అనే కనపడని 3 బైట్లు చేరుస్తుంది. విండోస్ 10లో 1903 వెర్షన్ నుంచి నోట్‌ప్యాడ్ మామూలుగా బీఓఎం లేకుండానే సేవ్ చేస్తుంది. అంతకుముందు వెర్షన్లు ఉన్న ఆఫీసులు ఇంకా ఉన్నాయి. ఇంకో పేజీలో తెలుగంతా ప్రశ్నార్థకాలైపోయింది, అది తెలుగు పట్టని పాత ఎన్‌కోడింగ్ ఏఎన్‌ఎస్‌ఐగా సేవ్ చేసిన ఫలితం. ప్రశ్నార్థకమైన అక్షరం పోయినట్టే, మళ్ళీ టైపు చేయాల్సిందే. గీత ఉన్న ఇంగ్లీషు ఎ, పక్కన డిగ్రీ గుర్తు, ఈ జంట పదేపదే కనిపిస్తే మాత్రం భయపడక్కర్లేదు. తెలుగు అక్షరాల బైట్లు క్షేమంగానే ఉన్నాయి, బ్రౌజర్ వాటిని వేరే ఎన్‌కోడింగ్‌గా చదువుతోంది. హెడ్‌లో మెటా క్యారెక్టర్‌సెట్ యూటీఎఫ్-8 అని మొదటి 1024 బైట్లలోపే ఉందో లేదో చూడాలి. ఉన్నా బాగుపడకపోతే సర్వర్ పంపే హెడర్ చూడాలి, మెటా మాట మీద హెడర్ మాటే చెల్లుతుంది.

ఫోన్ వెడల్పులో

వెడల్పు తక్కువైనప్పుడు ఆరు అంశాలూ ఒక బటన్ వెనక్కి పోతాయి. ఆ బటన్ మీద మూడు గీతలతోపాటు "మెనూ" అని మాట కూడా రాశాం. యాత్రికుల్లో పెద్దవాళ్ళు ఎక్కువ, మూడు గీతలంటే ఏమిటో అందరికీ తెలియదు. "ఫోన్ చేయండి" అనే లింకును మాత్రం ఆ బటన్ వెనక దాచలేదు, ఎప్పుడూ పైనే ఉంటుంది. దాని హెచ్‌రెఫ్‌లో టెల్ తర్వాత ప్లస్ 91తో మొదలుపెట్టి, మధ్యలో ఖాళీలు లేకుండా నంబరు. చెన్నై, బెంగళూరు నుంచి వచ్చేవాళ్ళకు రేటు చూడగానే కావలసింది అదే.

హెడర్ పైన అతుక్కుని ఉండేలా పొజిషన్ స్టికీ పెట్టాం. దానివల్ల పేజీ లోపలి లింకులు నొక్కినప్పుడు శీర్షికలు హెడర్ కింద దాక్కుంటాయి. హెచ్‌టీఎంఎల్ మూలానికి స్క్రోల్-ప్యాడింగ్-టాప్‌గా హెడర్ ఎత్తు ఇస్తే సరిపోతుంది. ఫోన్ అడ్డంగా తిప్పినప్పుడు మాత్రం స్టికీ తీసేశాం, ఉన్న కాస్త ఎత్తునూ మెనూయే తినేస్తుంది. 320 పిక్సెళ్ళ వెడల్పులో పక్కకు జరపాల్సిన అవసరం రాకుండా చూశాం. "సంప్రదించండి" మధ్యలో విరగదు కాబట్టి ఆ వెడల్పులో అన్నిటికంటే ముందు ఇబ్బంది పెట్టేది అదే.

పేజీ మూలంలో లాంగ్ విలువ పాత సైట్లో "ఈఎన్" అని ఉంది, "టీఈ"గా మార్చాం. అది లేకపోతే స్క్రీన్ రీడర్ తెలుగును ఇంగ్లీషు గొంతుతో చదవబోయి తడబడుతుంది. ఇంగ్లీషు పేజీకి వెళ్ళే లింకుకు విడిగా లాంగ్, హెచ్‌రెఫ్‌లాంగ్ రెండూ "ఈఎన్". మొదటిది ఆ మాట భాషకు, రెండోది అది తీసుకెళ్ళే పేజీ భాషకు.

తమిళ పేజీలు ఇంకా మిగిలున్నాయి. ఈ ఆఫీసుకు వేలూరు, చెన్నై వైపు నుంచి వచ్చే బేరం తక్కువేమీ కాదు. ఆ మెనూకు వేరే ఫైలు, లాంగ్ "టీఏ", లింకు మీద మాట తమిళ లిపిలోనే ఉంటుంది, జెండా బొమ్మలు ఉండవు. తమిళంలో మాటల పొడవు వేరు కాబట్టి ఆరు అంశాలు ఒక వరుసలో పడతాయో లేదో అనువాదం చేతికొచ్చాకే తెలుస్తుంది. పడకపోతే ఫ్లెక్స్-ర్యాప్ రెండో వరుసకు దింపుతుంది, అక్షరాలు చిన్నవి చేసేది లేదు. బ్రహ్మోత్సవాలకు ప్రత్యేక ప్యాకేజీ లింకు మెనూలో మెరుస్తూ ఉండాలని ఓనర్ కోరిక. దానికి చోటు హోమ్ పేజీ బ్యానర్‌లో ఇచ్చాం. యాత్రల జాబితా చివర ఒక మామూలు ఎల్‌ఐగానూ చేర్చాం, ఉత్సవాలు ముగియగానే ఒక్క ఫైల్లో ఒక్క లైను తీసేస్తే 26 పేజీల్లోంచీ పోతుంది.